తొమ్మిదో కథ

"ఓ పది పాయింట్లు చెప్పు భానూ, ఆదివారం మాట్లాడాలి," అన్నాడు లక్ష్మీకాంత్ వంటింటి గుమ్మంలో నిలబడి. లోపలికి రాలేదు. సింకులో కేజీ రొయ్యలున్నాయి. పచ్చివాటి వాసన అతనికి పడదు. వేపుడైతే పడుతుంది.

భానుశ్రీ అప్పటికి సగం ఒలిచింది. ఒక్కోదాని వీపు చాకుమొనతో గీరి, నల్లటి నరం లాగి పక్కన పడేస్తోంది. "దేనిమీదండీ?" అంది తలెత్తకుండా.

"కథ రాయడం, దిద్దుకోవడం. కొత్తగా రాసేవాళ్లకి వర్క్‌షాపు పెడుతున్నారు. మెళకువలు చెప్పమన్నారు. నా సంగతి నీకు తెలుసుగా, నేను ఏదీ ప్లాన్ చేసి రాయను. ఫ్లోలో వచ్చేస్తుంది. దాన్ని పాయింట్లుగా ఎలా చెప్తాం? నువ్వు ఫెయిర్ చేసేటప్పుడు అవీ ఇవీ చూస్తుంటావు కదా, అవే చెప్పు."

ఫెయిర్ చెయ్యడం! ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో ఆ పనికి ఉన్న పేరు అదే. పెళ్లయిన ఏడాది, "నీ దస్తూరీ బావుంటుంది, ఈ కథ కాస్త ఫెయిర్ చేసిపెట్టు, పత్రికకి పంపాలి" అని పదకొండు కాగితాలు చేతికిచ్చాడు. ఆమె చదివింది బీఏ స్పెషల్ తెలుగు. రాస్తూ రాస్తూ మూడో పేజీలో ఆగిపోయింది. భార్య పోయిన మనిషి 'దుఃఖసాగరంలో మునిగిపోయాడు' అని ఉంది. ఆ వాక్యం కొట్టేసి, అతను స్నానానికి వెళ్లి, సబ్బుకి అంటుకున్న పొడుగాటి వెంట్రుకని తీసెయ్యకుండా సబ్బుని అవతలివైపు తిప్పి రుద్దుకున్నాడని రాసింది. కథ అచ్చయింది, బహుమతి కూడా వచ్చింది. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ వెంట్రుక గురించే. లక్ష్మీకాంత్ అవి పైకి చదివి వినిపించి, "చూశావా, ఆ వాక్యం రాసినట్టు నాకే గుర్తులేదు. అలా వచ్చేస్తాయంతే!" అన్నాడు. కొత్తపెళ్లికూతురు భానుశ్రీ ముసిముసిగా నవ్వుకుంది. అదొక ముచ్చటనుకుంది. ఆ ముచ్చట రెండు పుస్తకాలై, మూడోది ఇప్పుడు ప్రెస్సులో ఉంది.

కాగితాలు పోయి కంప్యూటర్ వచ్చింది కానీ పని మారలేదు. పొద్దున్న కొడుకు సాత్విక్‌కి క్యారేజీ, లక్ష్మీకాంత్‌కి బ్యాంకు టైముకి టిఫిను, అత్తగారు సుబ్బరత్నానికి బీపీ మాత్రా, పప్పులో ఉప్పు తగ్గించి విడిగా ఒక గిన్నె. ఇవన్నీ అయ్యాక పదకొండున్నర నుంచి రెండున్నర దాకా కథలు. "పని లేనప్పుడు కాస్త నడుం వాల్చొచ్చుగా అమ్మాయ్, ఆ పెట్టె ముందు కూచుని కళ్లు పాడుచేసుకోకపోతే" అనేది సుబ్బరత్నం. సాయంత్రం అదే పెట్టె ముందు తన కొడుకు లక్ష్మీకాంత్ కూర్చుంటే మాత్రం, "వాడు రాసుకుంటున్నాడు, మిక్సీ వెయ్యకు" అని సైగ చేసేది. పెట్టె ఒకటే, కుర్చీ ఒకటే. కూర్చున్న మనిషిని బట్టి అది పని అయ్యేది, లేదా పని లేకపోవడం అయ్యేది.

"ఆగు, రికార్డు పెడతా," అని లక్ష్మీకాంత్ చెయ్యి చాచి ఫోను ఫ్రిజ్ మీద పెట్టాడు. "ఊఁ, చెప్పు."

"మొదటి పేజీ తీసేసి చదువుకోమనండి. అది లేకపోయినా కథ అర్థమైతే ఆ పేజీ కథలోది కాదు, రాసేవాళ్లు గొంతు సవరించుకున్నారంతే."

"బావుంది. తర్వాత?"

"రాసిన వెంటనే దిద్దకూడదు. పది రోజులు కంటికి కనపడకుండా దాచాలి. తర్వాత పైకి చదవాలి. మనసులో చదివితే మన తప్పులు మనకి ముద్దొస్తాయి. పైకి చదివితే నాలుక ఎక్కడ తడబడుతుందో అక్కడ ఏదో అనవసరంగా పెట్టారన్నమాట."

"ఊఁ."

"ఎంతో బాధపడింది, ఎంతో సంతోషించింది, ఇలాంటివి కొట్టెయ్యాలి. ఆ బాధలో ఆమె చేతులు ఏం చేస్తున్నాయో చూసి అది రాయాలి. ఇంకోటి, కథలో కాఫీ దానంతటది రాకూడదు."

లక్ష్మీకాంత్ నవ్వాడు. "అదేంటే?"

"మీ చిత్తుప్రతులు అన్నిట్లో 'ఇంతలో కాఫీలు వచ్చాయి' అని ఉంటుంది. కాఫీలకి కాళ్లుండవు కదండీ. ఎవరో పాలు కాచి, కలిపి, పట్టుకొస్తే వస్తాయి. ఆ మనిషి గదిలోకి వచ్చినప్పుడు అక్కడ ఏం విన్నదో, విని కూడా విననట్టు ఎలా వెళ్లిపోయిందో, అది పట్టుకుంటే సగం కథ అక్కడే ఉంటుంది."

"అబ్బా, ఇది క్లాప్స్ పడే పాయింటు!" అన్నాడు. భానుశ్రీ ఇంకో రొయ్య అందుకుంది. అతని రెండో పుస్తకానికి ఒక విమర్శకుడు 'స్త్రీల మనసు లోతు తెలిసిన రచయిత' అని రాశాడు. ఆ లోతంతా కాఫీ కప్పుల దగ్గర ఆమె తవ్వి పెట్టిందే.

"ఆఖరిది," అంది. "ఒకటి మారిస్తే దాంతో పాటు వచ్చేవన్నీ మార్చాలి. ఊరు మారిస్తే నేల మారుతుంది, పంట మారుతుంది. పంట మారితే మనిషి ఒంటిమీద మచ్చలు కూడా మారతాయి." ఆ మాట అంటూ తలెత్తి సూటిగా అతని మొహంలోకి చూసింది.

"అంత డీప్‌గా అక్కర్లేదులే, కుర్రాళ్లు వాళ్లు," అని ఫోను తీసుకుని వెళ్లిపోయాడు.

అతనికి తగల్లేదు. తగులుతుందని ఆమె ఎందుకనుకుందో!

నిరుడు వేసవిలో భానుశ్రీ సాత్విక్ వదిలేసిన రూళ్ల పుస్తకంలో ఒక కథ రాసింది. తన సొంతానికి, మొట్టమొదటిసారి. ఉయ్యూరు పక్కన పల్లెలో రెండెకరాల చెరుకు తోటలో కూలీలతో సమానంగా నరికి, ఆకు దూసి, మోపులు కట్టిన వాళ్లమ్మ గురించి. చెరుకాకు అంచు బ్లేడులాంటిది. పాత చీరపేలికలు చుట్టుకున్నా సరే, చక్కెర ఫ్యాక్టరీ ఆడినన్నాళ్లూ అమ్మ చేతులు మోచేతులదాకా గీతలే. వేళ్ల మధ్య కూడా తెగేది. కారం తగిలితే మంట. అందుకని ఆ నాలుగు నెలలూ చెంచాతో తినేది. "చూడండర్రా, దొరసానిగారు చెంచా లేందే ముద్ద దిగదు!" అని నాయనమ్మ వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పి నవ్వేది. అమ్మ ఒక్కసారి కూడా చేతులు చూపించి ఇదీ సంగతి అని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? ఆ ఒక్క ప్రశ్న చుట్టూ భానుశ్రీ కథ అల్లుకుంది. 'చెంచాతో అన్నం' అని పేరు పెట్టింది. పది రోజులు పట్టుచీరల కింద దాచి, తీసి, తలుపేసుకుని పైకి చదువుకుని, పదకొండు చోట్ల దిద్ది, అప్పుడు లక్ష్మీకాంత్‌కి ఇచ్చింది. అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్లు. అమ్మని తలుచుకుంటే చేతులు గుర్తొస్తున్నాయి కానీ మొహం కాస్త కాస్తగా చెదిరిపోతోంది. ఆ భయంతోనే రాసింది.

"ముడిసరుకు బావుంది," అన్నాడతను చదివి. అంతే. తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఈ సంవత్సరం మూడో పుస్తకానికి కథల ఫైలు ఆమెకిచ్చి "ఫెయిర్ చెయ్యి" అన్నప్పుడు, అందులో తొమ్మిదో కథ అదే. పేరు 'అమ్మ చేతులు'. చెప్పేది కూతురు కాదు, కొడుకు. ఊరు ఉయ్యూరు కాదు, లక్ష్మీకాంత్ వాళ్ల చల్లపల్లి. చెరుకు పోయి వరి వచ్చింది. చెంచా ఉంది, నాయనమ్మ వెక్కిరింపు ఉంది, మోచేతులదాకా గీతలున్నాయి. ఆమె వాక్యాలు ఉన్నవి ఉన్నట్టుగా ఉన్నాయి.

"ఇది నాది కదండీ," అంది ఆవేళ. గొంతు ఆమెకే వినపడనంత చిన్నగా వచ్చింది.

"నువ్వు జ్ఞాపకం రాశావు, నేను కథ చేశాను. రెండింటికీ తేడా లేదా?" అన్నాడు. వెంటనే, "మొగుడూ పెళ్లాల మధ్య నీదేంటి, నాదేంటి? అయినా నీ పేరుతో వేస్తే ఎవరు చదువుతారే?" అన్నాడు ముద్దుగా. ఆ ముద్దుకే ఒళ్లు మండింది.

ఇంట్లో ఆ కథకి గట్టిగా అడ్డుపడిన మనిషి సుబ్బరత్నం ఒక్కతే. కొడుకు చదివి వినిపిస్తే బిత్తరపోయింది. "నేనెప్పుడురా కోతకెళ్లింది? మీ తాత గుమ్మం దిగనిచ్చాడా నన్ను? ఇది మా పుట్టింటోళ్లు చదివితే నన్ను కూలికి పంపారనుకోరూ?" అంది. "అది కథమ్మా!" అని లక్ష్మీకాంత్ సర్దిచెప్పాడు.

భానుశ్రీ మిగతా పదకొండు కథలూ మామూలుగా దిద్దింది. తొమ్మిదో దాన్ని ముట్టుకోలేదు. వరి చేలో చెరుకాకు గీతలు కనపడుతూనే ఉన్నాయి. చిన్న అక్షరదోషం ఉంటేనే నిద్రపట్టని మనిషి, అంత పెద్ద తప్పుని అలాగే వదిలేసింది. ఎవరో ఒకరు పట్టుకుంటారు, అప్పుడు అతనే వచ్చి అడుగుతాడు అనుకుంది. ఫైనల్ ప్రూఫు వచ్చింది. ముందుమాట చివర అతను కృతజ్ఞతలు చెప్పుకున్నాడు: విలువైన సూచనలిచ్చిన నలుగురు మిత్రులకి, అట్ట బొమ్మ వేసిన ఆర్టిస్టుకి, 'ఈ కథలు రాస్తున్నంత కాలం వేళకి కాఫీ అందించిన నా శ్రీమతికి'. ఆ నలుగురిలో ఇద్దరికి ఆ కథలు అసలు పంపనే లేదని ఆమెకి తెలుసు. పంపేది ఆమే కదా. సోమవారం ప్రెస్సుకి వెళ్లి ప్రింటుకి ఇవ్వమని చెప్పాల్సిందీ ఆమే. ఆ తర్వాత అమ్మ చేతులు ఐదొందల కాపీల్లో సుబ్బరత్నం చేతులైపోతాయి.

ఆదివారం హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. సుబ్బరత్నాన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. భానుశ్రీ వెనక వరసలో కూర్చుంది. లక్ష్మీకాంత్ పాయింట్లన్నీ చెప్పాడు, బాగా చెప్పాడు కూడా. గొంతు సవరించుకోవడం దగ్గర తనే గొంతు సవరించుకుని నవ్వించాడు. కాఫీ మాట దగ్గర, అనుకున్నట్టే చప్పట్లు మోగాయి. అవి ఆగకుండానే ఒక నిర్వాహకుడు వంగి వంగి భానుశ్రీ దగ్గరికొచ్చి, "మేడమ్ గారూ, ఏమనుకోకండి, కాఫీలొచ్చాయి. లేడీస్ మీరొక్కరే ఖాళీగా ఉన్నారు, కొంచెం కప్పుల్లో పోసి రెడీగా ఉంచుతారా?" అన్నాడు. వక్త వేదిక మీద అదే సంగతి మీద మాట్లాడుతున్నాడు. ఆ నిర్వాహకుడే ఇందాక అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. భానుశ్రీ లేచి హాలు వెనక బల్ల దగ్గరికి వెళ్లింది.

అప్పుడు లక్ష్మీకాంత్ తన కొత్త కథ 'అమ్మ చేతులు' నుంచి రెండు పేజీలు చదివాడు. "నా తల్లి ఇక్కడే ఉంది" అని ముందు వరస వైపు చూపించాడు. అందరూ మెడలు సాచి చూశారు. సుబ్బరత్నం పమిట కింద చేతులు దాచుకుంది.

మధ్య వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. పేరు ఏంజెల్ అని చెప్పింది, ఎంసీఏ చదువుతోందట. "సార్, చిన్న డౌటండి. మా అమ్మమ్మ వాళ్లు పొలం పనికే వెళ్లేవాళ్లు. వరి కోస్తే ఒళ్లంతా నూగు, దురద పెడుతుందండి. కొడవలి తగిలితే ఎడమచేతి వేళ్లు తెగుతాయి. మోచేతులదాకా ఇన్ని గీతలు వరికి పడవు కదండీ?"

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. లక్ష్మీకాంత్ కళ్లు వెనక్కి పరిగెత్తి, కాఫీ బల్ల దగ్గర ఆగాయి. ఇంటికొచ్చిన అతిథి ఏదైనా అడిగినప్పుడు, అందుకో అన్నట్టు అతను అలాగే చూస్తాడు. ఇరవై ఏళ్లూ ఆమె అందుకుంది. ఇప్పుడు ఫ్లాస్కు మూత బిగించి, ఇంకో కప్పు తీసింది.

అతను చిరునవ్వు నవ్వాడు. "మంచి ప్రశ్నమ్మా. కానీ అది సింబాలిక్. ఆ గీతలు పంట గీసినవి కావు, జీవితం గీసినవి!"

చప్పట్లు. ఏంజెల్ కూర్చుంది, నమ్మినట్టు లేదు.

భానుశ్రీ చేతిలో కప్పు బల్ల మీద పెట్టేసింది. జీవితం గీసినవట! మార్గశిరంలో పొద్దున్నే మంచుకి తడిసిన చెరుకాకు గీసినవి. వేణ్నీళ్లు పోసుకుంటే అమ్మ పళ్ల బిగువున ఆపుకున్న మంట, అర చెంచా పప్పన్నం, వంటింటి మూల గోడకి తిరిగి కూచున్న వీపు, ఇవేవీ సింబాలిక్ కావు. కథ తీసుకున్నాడు, పేరు తీసుకున్నాడు, సరే. చివరికి ఆ మంట కూడా నిజం కాదనేశాడు. తను వదిలేసిన తప్పు అతన్ని పట్టిస్తుందనుకుంది. ఆ తప్పుకే చప్పట్లు కొట్టించుకున్నాడు. దిద్దకుండా ఊరుకోవడం కూడా అతనికి సాయమే అయింది.

విరామంలో ఏంజెల్ కాఫీకి వచ్చింది. "మేడమ్, సార్ చెప్పింది మీకు అర్థమైందాండీ? వింటుంటే నాకు ఏడుపొచ్చింది. కానీ మా అమ్మమ్మ చేతులకి ఆ గీతలు చెరుకు సీజన్లోనే ఉండేవి."

"చెరుకేనమ్మా అది," అంది భానుశ్రీ కప్పు అందిస్తూ. "వరి కాదు."

"మీకెలా తెలుసండీ?"

"మా అమ్మ ఆవిడ. రాసింది నేను."

ఇంత తేలిగ్గా ఉంటుందా చెప్పడం? నాలుక ఎక్కడా తడబడలేదు. ఏంజెల్ వేదిక వైపు చూసింది, ఈమె మెడలో నల్లపూసల వైపు చూసింది. "మరి ఊరుకున్నారేంటండీ?" అంది. దెప్పినట్టు కాదు, తెలియక అడిగినట్టు. వెనక నుంచి ఎవరో "చక్కెర లేనిది ఉందా అమ్మా?" అన్నారు.

తిరుగు ప్రయాణంలో కారులో సుబ్బరత్నం గొణుగుతూనే ఉంది. "ఇద్దరాడవాళ్లు వచ్చి నా చేతులు పట్టుకుని చూశార్రా! ఏవీ మచ్చలు అని. సిగ్గుతో చచ్చాను." లక్ష్మీకాంత్ హారన్ కొట్టి, "భానూ, నువ్వయినా ఆ గీతల సంగతి ముందే చూసి చెప్పొద్దూ? ప్రూఫు ఏం చూశావు?" అన్నాడు. భానుశ్రీ కిటికీలోంచి గుణదల కొండ వైపు చూస్తూ కూర్చుంది.

సోమవారం పదకొండున్నరకి ఆమె ఇస్సాక్ గారి ప్రెస్సులో ఉంది. అరవై దాటిన మనిషి. మూడు పుస్తకాలూ ఆయన దగ్గరే అచ్చు. "సార్ని ఏమడిగినా 'మేడమ్‌ని అడగండి' అంటారు, నాకు మీరే రచయిత" అని ఎప్పుడో ఒకసారి నవ్వులాటకి అన్నాడు.

"ఇచ్చేద్దామా మేడమ్ గారూ ప్రింటుకి?"

"తొమ్మిదో కథ తీసెయ్యండి."

ఇస్సాక్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఏదైనా తప్పా? సరిచేద్దాం."

"సరిచెయ్యక్కర్లేదు. తీసెయ్యాలి. అది మావారి కథ కాదు, నాది."

ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు. తెర మీద పేజీలు వెనక్కి జరిపాడు. "పద్నాలుగు పేజీలు పోతాయి. అటూ ఇటూ తెల్లకాగితాలు చూసుకుని ఒక ఫారం, అంటే పదహారు పేజీలు తగ్గించొచ్చు. విషయసూచిక మారాలి. వెనక అట్ట మీద ఆ కథ గురించే ఉంది."

"అదీ తీసేద్దాం. ముందుమాటలో ఈ కథ గురించి ఉన్న ఐదో పేరా కూడా."

"సార్‌కి తెలుసా అమ్మా?"

"ఇప్పుడే చెప్తాను. మీ ఎదురుగానే." మిగతా పదకొండింటిలో తను దిద్దినవి చాలా ఉన్నాయి. అవి ఇచ్చేసినవి, వెనక్కి అడగదు. ఇది ఇవ్వలేదు, చదవమని చూపించింది. ఆ రెండింటికీ తేడా లేదా? ఆమె ఫోను తీసి బ్యాంకు నంబరు నొక్కింది.

"తొమ్మిదో కథ తీసేయిస్తున్నానండి."

"ఏంటీ? ఎక్కడున్నావు? ఫోను ఇస్సాక్‌కి ఇవ్వు."

"ఆయన ఆ పనిలోనే ఉన్నారు."

"పిచ్చెక్కిందా నీకు? ఆవిష్కరణకి డేటు ఇచ్చేశాం. చీఫ్ గెస్టు ఆ కథ మీదే మాట్లాడతానన్నాడు!"

"వేరే కథ మీద మాట్లాడమనండి."

"ఏ కథ మీద మాట్లాడతాడే?" లక్ష్మీకాంత్ గొంతు పెరిగింది. కౌంటర్లో జనం వింటారని కూడా లేకుండా అరిచాడు. "అది తీసేస్తే ఇంక ఆ పుస్తకంలో ఏముంటుంది?"

"మీరు రాసినవి ఉంటాయి కదండీ," అంది భానుశ్రీ.